మందుల చీటీలన్నీ ఒకే కాగితం మీదికి

నాకు కీళ్లవాతం ఉంది, ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే హషిమోటో జబ్బూ ఉంది. గుంటూరు కొత్తపేటలో ఒక్కో జబ్బుకు ఒక్కో డాక్టరు, ఒక్కో చీటీ. థైరాయిడ్ హార్మోను బిళ్ల థైరాక్సిన్ మోతాదు పెంచుతున్నా, ఆ హార్మోను తక్కువైతే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ మాత్రం దిగిరాలేదు.

మందుల షాపులో ఫార్మసిస్టు చీటీలన్నీ పక్కపక్కన పరిచి, "అమ్మా, కాల్షియం, ఐరన్ ఎప్పుడు వేసుకుంటున్నారు?" అని అడిగారు. టిఫిను కాగానే అన్నాను. అవి పేగుల్లోనే థైరాక్సిన్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వవట. డాక్టరుగారూ అదే మాట అన్నారు. ఇప్పుడు తెల్లవారగానే పరగడుపున మంచినీళ్లతో థైరాక్సిన్, గంట ఆగి కాఫీ. కాల్షియం, ఐరన్‌లకు కనీసం 4 గంటల ఎడం. తర్వాతి పరీక్షలో టీఎస్‌హెచ్ మామూలుకు వచ్చింది, మోతాదు కూడా తగ్గించారు.

అప్పుడే మందులన్నీ ఒక కాగితం మీద రాశాను. కీళ్లవాతానికి వేసుకునే మెథోట్రెక్సేట్ పక్కన ఎర్ర సిరాతో "వారానికి ఒక్కసారే, మంగళవారం" అని ఉంటుంది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఎర్ర సిరా.

ఆ కాగితం ఎంత మేలు చేసిందో చెప్పాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి వేరే డాక్టరు దగ్గరికి వెళితే ఆయన కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాయబోయారు. కాగితం చూడగానే కొట్టేసి మరో మందు రాశారు. మెథోట్రెక్సేట్‌తో అది కలిస్తే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. నొప్పి బిళ్లలు కూడా డాక్టరును అడగనిదే వేసుకోను, ఎందుకంటే మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి పోయేది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే, కొన్ని నొప్పి బిళ్లలు దానికి అడ్డుపడతాయి.

కొత్త మందు చేరినప్పుడల్లా తారీఖు వేసి కాగితం తిరగరాస్తాను. దాని ఫోటో మా అమ్మాయి ఫోనులోనూ ఉంది.