కడుపుతో ఉన్నప్పుడు పొగ కాలం: బిడ్డ గుండె కోసం జాగ్రత్తలు

చలి నెలల్లో పొగ పైకి లేవక నేలబారుగా నిలిచిపోతుంది. నెలలు నిండేది ఆ కాలంలోనే అయితే ముందే సిద్ధపడండి. 2018లో వచ్చిన బోస్టన్ పరిశోధనలో, చివరి మూడు నెలల్లో పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఎక్కువగా పీల్చిన తల్లుల పిల్లల్లో 3-9 ఏళ్ల వయసుకే బీపీ ఎక్కువగా కనిపించింది. అందరికీ అలాగే అవుతుందని కాదు, ముప్పు కొంత పెరుగుతుంది.

పీఎం 2.5 అంటే వెంట్రుక మందంలో పాతికో వంతు ధూళి. ఊపిరితిత్తుల్లో ఆగదు. బెల్జియం పరిశోధకులు 2019లో మాయలో (ప్లాసెంటా) బిడ్డ వైపు కూడా మసి రేణువులు చూశారు.

ముందుగా పడకగదిని శుభ్రమైన గాలి గదిగా చేసుకోండి. తలుపు సందులు మూయండి. ప్యూరిఫయర్ కొంటే సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదే కొనండి, ఓజోన్ వదిలేది వద్దు. గది 120 చదరపు అడుగులైతే పొగకు దాని సీఏడీఆర్ (ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె) నిమిషానికి కనీసం 80 ఘనపుటడుగులు, పొగ దట్టంగా ఉండే చోట 120 ఉండాలి. చప్పుడని తక్కువ స్పీడులో పెడితే ఆ అంకెకు అర్థం లేదు. కిటికీలు తెల్లవారుజామున తీయొద్దు. సాధారణంగా మధ్యాహ్నానికి గాలి కాస్త తేటపడుతుంది, ఏక్యూఐ (గాలి ఎంత కలుషితమైందో చెప్పే సూచీ) చూసి అప్పుడు తీయండి. చీపురు బదులు తడిగుడ్డ వాడండి. ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చకూడదు, బాల్కనీలో కూడా.

బయటికి ఎన్95 మాస్కు వాడండి. గుడ్డ మాస్కు దాదాపు దండగే. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదలండి. కళ్లకు గాలి తగిలిందా, మాస్కు సరిగా కూర్చోలేదన్నమాట. ఆయాసం వస్తే శుభ్రమైన చోటికి వెళ్లి తీసేయండి. ఒక్క మాట: కార్బన్ మోనాక్సైడును మాస్కూ ఆపదు, హెపా కూడా ఆపదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో ఉన్న కారు, రెండూ ప్రాణాంతకం.

నడక మానొద్దు. పొగ ఎక్కువున్న రోజు ఇంట్లోనే నడవండి.

తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, ముఖం హఠాత్తుగా ఉబ్బినా పొగ వల్లేలే అని ఊరుకోకండి. అది గర్భంలో వచ్చే బీపీ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కాన్పయ్యాక పుట్టినప్పటి బరువు, ఎన్నో వారంలో పుట్టిందో రాసిపెట్టుకుని పిల్లల డాక్టరుకు చెప్పండి. మూడేళ్ల నుంచి ఏటా బీపీ చూడాలి. బాగా నెలలు తక్కువగా పుడితే అంతకంటే ముందే మొదలుపెడతారు.