మిర్రర్ విడిపోతోందా? డిస్కు కొనేముందు కేబుల్ చూడండి

ఒంగోలు ఎండాకాలంలో కరెంటు పోయొచ్చినప్పుడల్లా మా డెస్క్‌టాప్‌లో మిర్రర్ విడిపోయి 'ఫెయిల్డ్ రిడండెన్సీ' అని చూపించేది. మిర్రర్ అంటే ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉండేలా పెట్టుకునే ఏర్పాటు, మాది విండోస్‌లోనే పెట్టుకున్నది లెండి. ఆ మెసేజ్‌కి అర్థం రెండో కాపీ పనిచేయడం లేదని.

డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్ ఉచితమే. అందులో రెండు డిస్కులకూ 05, సీ5 (డిస్కులో పాడైన, అనుమానపు చోట్ల లెక్క), సీ7 (డేటా అటూఇటూ వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క) వరుసల్లో చివరి గడిలోని అంకెలు చూడండి. మొదటి రెండూ సున్నాగా ఉండి, సీ7 మాత్రమే పెరుగుతుంటే తప్పు చాలావరకు డిస్కును మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌దే. సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసేసి కొత్తది వేయండి. క్లిప్పు 'టక్'మని పడాలి. మా పాతదానికి క్లిప్పే లేదు, వేలు తగిలితే ఊగేది. తర్వాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో విడిపోయిన డిస్కు మీద రైట్‌క్లిక్ చేసి రీయాక్టివేట్ నొక్కండి. 'రీసింకింగ్'కి, అంటే రెండు డిస్కుల్లో డేటా మళ్లీ ఒకేలా చేయడానికి, గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడం మేలు. సీ7 అంకె మళ్లీ సున్నాకి రాదు, టెన్షన్ వద్దు. ఇక పెరగకపోతే చాలు.

05 గానీ సీ5 గానీ పెరుగుతుంటే మాత్రం కేబుల్‌తో పని జరగదు, డిస్కే పోతోంది. ముందు ఫోటోలు, కాగితాలు వేరే డ్రైవులోకి కాపీ చేసుకోండి. డిస్కు తీసేటప్పుడు సీరియల్ నంబరు సరిచూసుకోండి, మంచిది పీకారంటే అంతే సంగతులు.