అంబాసిడర్‌లో ఆయిళ్ళు మార్చాక వచ్చే సమస్యలు: కారణాలు, పరిష్కారాలు

పాత అంబాసిడర్‌కి ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, వెనక హౌసింగ్ (వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్) ఆయిల్ మార్పించాక ఏదైనా కొత్త ఇబ్బంది మొదలైతే షెడ్డులో వెంటనే వినిపించే మాట, "ఇంజన్‌కి పని పడింది సార్, విప్పి చూడాలి." తొందరపడకండి. నిన్నటిదాకా లేనిది ఇవాళ వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది నిన్న జరిగిన పనినే. ఏం విప్పారు, ఏ ఆయిల్ పోశారు, ఏ వాషర్ మార్చకుండా మళ్ళీ బిగించారు అన్నది తేలకుండా హెడ్డు విప్పనివ్వకండి.

ఇక్కడ రాస్తున్నది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ ఇంజన్, నాలుగు గేర్లు, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్డు ఉన్న బండ్ల గురించి. తర్వాత వచ్చిన ఇసుజు 1800 ఇంజన్ బండ్లకు కొలతలూ గేర్‌బాక్సూ వేరు. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో 2014లో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు మన దగ్గరున్న బండ్లలో చాలావరకు ఎన్నో చేతులు మారి వచ్చినవే. లోపల ఏ ఆయిల్ ఉందో పాత ఓనర్ చెప్పిన మాట మీద వదిలేయకుండా, కొన్న వెంటనే మూడూ మార్చేయడం మంచిది.

ఆయిల్ మార్చి స్టార్ట్ చేస్తే ప్రెషర్ లైటు ఆరడం లేదు

వెంటనే ఇంజన్ ఆపండి. "కాసేపు నడిస్తే అదే వస్తుంది" అని రేజ్ చేస్తే బేరింగులు పోతాయి.

ముందు ఆయిల్ కొలిచే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి లెవెల్ చూడండి. ఈ ఇంజన్‌కి నాలుగు లీటర్ల పైన పడుతుంది. ఫిల్టర్ గిన్నె ఖాళీ చేసి ఉంటే అది కూడా నిండాలి కాబట్టి, పోసినప్పుడు సరిగ్గా ఉన్న లెవెల్ ఒకసారి తిరగగానే దిగుతుంది. లెవెల్ బాగానే ఉందంటే కారణం చాలావరకు ఆయిల్ పంపులో చేరిన గాలి. ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్ట్ విప్పి రాత్రంతా కారనిచ్చిన బండ్లలో ఇది ఎక్కువ. పంపు పూర్తిగా ఎండిపోయి, ఆయిల్‌ని పైకి లాగలేకపోతుంది.

నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పేయండి, కాయిల్ వైరు తీసి పక్కన పెట్టండి. ఇప్పుడు సెల్ఫ్ పది పదిహేను సెకన్ల చొప్పున, మధ్యలో ఆపి ఆపి కొట్టండి. ప్లగ్గులు లేవు కాబట్టి కంప్రెషన్ ఉండదు, బేరింగుల మీద బరువూ ఉండదు. హ్యాండిల్‌తో తిప్పే వీలున్న బండి అయితే మరీ మంచిది. లైటు ఆరాకే ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. అప్పటికీ ఆరకపోతే బ్లాకు నుంచి ఫిల్టర్‌కి వెళ్ళే పైపు యూనియన్ వదులు చేసి, ఆయిల్ క్యాన్‌తో బ్లాకు వైపు ఆయిల్ ఎక్కించి, బిగించి మళ్ళీ తిప్పండి. దీనితో దాదాపు ఎప్పుడూ ప్రెషర్ వస్తుంది. రాకపోతే అప్పుడు ఛాంబర్ దించాల్సిందే.

ఫిల్టర్ దగ్గర ధారగా కారుతోంది

గిన్నె, పొడుగు బోల్టు, లోపల మార్చే ఎలిమెంటు ఉన్న ఫిల్టర్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. ఇంజన్‌కి బిగించి ఉండే పైమూతలో చుట్టూ ఒక గాడి ఉంటుంది. రబ్బరు రింగు ఆ గాడిలో కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి వేడికి అది గట్టిపడి, మసితో కలిసిపోయి, గాడి ఏదో రింగు ఏదో తెలియకుండా అవుతుంది. కింద పడుకుని వేలితో తడిమితే అంతా ఒకటే నున్నటి లోహంలా తగులుతుంది. రింగు పాత గిన్నెతో పాటే వచ్చేసిందనుకుని కొత్తది దాని మీదే పెట్టి బిగిస్తారు. ఐడిలింగ్‌లో చెమ్మ కూడా కనిపించదు. రోడ్డెక్కి స్పీడు పెరిగి ప్రెషర్ రాగానే పై రింగు పక్కకి జారి, ఆయిలంతా నిమిషాల్లో రోడ్డు మీద ఉంటుంది.

కాబట్టి టార్చి వేసి, సన్నటి పిన్నుతో గాడిని చుట్టూ గీకండి. పిన్ను మొన ఎక్కడైనా మెత్తగా దిగితే పాత రింగు ఇంకా ఉన్నట్టే. దాన్ని ముక్కలు ముక్కలుగా అయినా పూర్తిగా లాగేసి, గాడి గుడ్డతో తుడిచి, కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, మెలి పడకుండా చుట్టూ సమానంగా నొక్కండి. ఎలిమెంటు పెట్టెలో ఒక్కోసారి రెండు మూడు రకాల రింగులు ఇస్తారు. గాడిలో సరిగ్గా కూర్చునేది ఒక్కటే, దాన్నే వాడాలి.

గిన్నె అడుగున ఉండే స్ప్రింగు, వాషర్, ప్లేటు ఏ వరసలో వచ్చాయో విప్పేటప్పుడే ఫోటో తీసుకోండి. వీటిలో ఒకటి పోయినా బయటికి కారదు, ఏమీ తెలియదు. కానీ ఎలిమెంటు పైకి గట్టిగా ఆనదు కాబట్టి ఆయిల్ వడకట్టకుండానే పక్కనుంచి వెళ్ళిపోతుంది. పాత బండ్లలో ఆ చిన్న వాషర్ లేని గిన్నెలు చాలానే కనిపిస్తాయి.

చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగుంది, వేడెక్కాక పడిపోతోంది

గేజు ఉన్న బండిలో, వేడెక్కి నడుస్తున్నప్పుడు 50 పౌండ్ల ప్రాంతంలో, ఐడిలింగ్‌లో 15కి అటూ ఇటూ ఉంటే ఇంజన్ బాగున్నట్టే. ఆయిల్ మార్చాకే పడిపోవడం మొదలైతే డబ్బా మీద గ్రేడు చూడండి. కొత్త కార్లకు పోసే 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిల్ ఖరీదెక్కువ కాబట్టి మంచిదని ఈ ఇంజన్లో పోస్తున్నారు. ఇందులో బేరింగుల సందులు పాతకాలపు కొలతల ప్రకారం పెట్టినవి, పైగా అరిగి ఉంటాయి. మన ఎండల్లో ఈ ఇంజన్‌కి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ సరైనది. ఇందులో జింక్ కలిసిన యాంటీ వేర్ మందు తగినంత ఉండాలి. ట్యాపెట్లు కామ్‌షాఫ్ట్ మీద నేరుగా రాసుకుంటూ తిరిగే ఇంజన్ ఇది. ఆ మందు తక్కువైతే కామ్ లోబులు అరిగిపోతాయి. పల్చటి గ్రేడుల్లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం దాన్ని తగ్గించారు.

సరైన గ్రేడు పోశాక కూడా వేడి మీద పడిపోతుంటే, ఇంకో గేజు పెట్టి సరిచూశాక, రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే వాల్వ్) స్ప్రింగు చూడండి. ఆ తర్వాతే బేరింగుల సంగతి.

ఆయిల్ మార్చే ముందు కిరసనాయిలు పోసి ఇంజన్ తిప్పి కడిగే అలవాటు ఇంకా పోలేదు. ఆ కిరసనాయిలు మొత్తం బయటికి రాదు. మూలల్లో మిగిలింది కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. ఛాంబర్‌లో మడ్డి పేరుకుందని అనుమానముంటే ఛాంబర్ దించి, చేత్తో శుభ్రం చేసి, కొత్త ప్యాకింగ్‌తో బిగించండి. దానికి దగ్గరి దారి లేదు.

ఇంజన్ కింద కొత్త చోట్ల చెమ్మ

గ్రేడు పల్చనైతే పాత కార్కు ప్యాకింగుల గుండా కారడం మొదలవుతుంది. గ్రేడు సరైనదే అయితే బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) చూడండి. ముందు వైపు ట్యాపెట్ కవర్ నుంచి వచ్చే ఆ పైపు మూసుకుపోతే లోపలి ప్రెషర్ ఎక్కడ వీలైతే అక్కడి నుంచి ఆయిల్‌ని తోస్తుంది. పైపు తీసి కడిగితే సగం లీకులు ఆగిపోతాయి. ట్యాపెట్ కవర్ల బోల్టులు ఇంకాస్త బిగిస్తే ఆగుతుందనుకోవద్దు. రేకు వంగి, కార్కు నలిగి, లీకు పెరుగుతుంది.

ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట అడుగున బొట్టు బొట్టుగా పడుతుంటే అది వెనక మెయిన్ బేరింగ్ దగ్గరిది. పాత బీఎంసీ ఇంజన్లో అక్కడ రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీద కోసిన మరలు ఆయిల్‌ని మళ్ళీ ఇంజన్ లోపలికే తోస్తాయి, అంతే. బండి ఆపాక కొన్ని బొట్లు పడటం ఆ డిజైన్లోనే ఉంది. క్లచ్చి జారనంతవరకు దాని కోసం ఇంజన్ దించక్కర్లేదు.

కడ్డీ మీద లెవెల్ పెరుగుతోంది, పెట్రోల్ వాసన

బండి కదపకండి. మెకానికల్ పెట్రోల్ పంపులో డయాఫ్రం చిరిగి పెట్రోల్ ఛాంబర్‌లోకి దిగుతోంది. బేరింగులు పోవడం ఒక ఎత్తు, నిప్పు అంటుకోవడం మరో ఎత్తు. పంపుకి కొత్త కిట్ వేసి, ఆయిలూ ఫిల్టరూ మళ్ళీ మార్చాకే స్టార్ట్ చేయండి. ఆయిల్ మార్చి రెండు రోజులే అయిందని దాన్నే ఉంచేయవద్దు.

ఆయిల్ పోసే మూత కింద తెల్లటి మీగడ

చూడగానే హెడ్ ప్యాకింగ్ పోయిందని టెన్షన్ పడతారు. కడ్డీ కూడా చూడండి. కడ్డీ మీద ఆయిల్ మామూలు రంగులో ఉండి, రేడియేటర్లో నీళ్ళు తగ్గకపోతే, అది గాలిలోని తేమ లోపల చేరి అయిన మీగడ మాత్రమే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో, వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేసే బండ్లలో ఇది ఎక్కువ. మూత తుడిచి, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలా అరగంట పైన రోడ్డు మీద నడపండి. కడ్డీ మీదా కాఫీ రంగు వచ్చి, నీళ్ళు కూడా తగ్గుతుంటే అప్పుడు హెడ్ ప్యాకింగే.

50 ఏళ్ళు దాటిన బండ్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. అలా చేయించిన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు కాబట్టి ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది. అలాంటి బండికి కిలోమీటర్లు లెక్కపెట్టవద్దు. తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి ఇంజన్ ఆయిల్ మార్చండి. నిలబడ్డ ఆయిల్లో చేరే తేమ, ఆమ్లాలు బేరింగులను తినేస్తాయి.

గేర్ ఆయిల్ మార్చాక గేరు కర్రుమంటోంది, లేదా గట్టిగా పడుతోంది

ఫస్ట్ గేరు గురించి అయితే అది జబ్బు కాదు. ఈ గేర్‌బాక్స్‌లో ఫస్ట్‌కి సింక్రోమెష్ (గేర్ల వేగాలను కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. సెకండ్, థర్డ్ కర్రుమంటే పోసిన ఆయిల్ చూడాలి.

ఇక్కడ షెడ్లలో జరిగే పొరపాటు, ఒకే డబ్బా తెచ్చి గేర్‌బాక్స్‌లోనూ హౌసింగ్‌లోనూ పోసేయడం. రెండింటి అవసరాలు వేరు. వెనక హౌసింగ్‌లో హైపాయిడ్ రకం క్రౌన్ పినియన్ (చక్రాల వైపు శక్తిని మళ్ళించే పళ్ళ చక్రాల జత) ఉంటుంది. వాటి పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి గంధకం, భాస్వరం కలిసిన ఈపీ 90 (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే) ఆయిల్, జీఎల్-5 తరగతిది, కావాలి. గేర్‌బాక్స్‌లో ఇత్తడి, కంచు జాతి సింక్రో రింగులు ఉంటాయి. జీఎల్-5 లోని గంధకం వేడి మీద వాటిని తినగలదు. అదీగాక ఆ ఆయిల్ జారుడు ఎక్కువ కావడంతో, రింగు పట్టి ఆపాల్సిన చోట జారిపోయి గేరు కర్రుమంటుంది. గేర్‌బాక్స్‌లో మీ మోడల్ మాన్యువల్ చెప్పిందే పోయండి. గేర్ ఆయిల్ అని ఉంటే జీఎల్-4 తీసుకోండి. బీఎంసీ వాళ్ళు ఎంజీబీ లాంటి బండ్లలో గేర్‌బాక్స్‌కి కూడా ఇంజన్ ఆయిలే చెప్పారు, అది విని కంగారు పడనక్కర్లేదు. గేర్ ఆయిల్ నంబర్ల లెక్క వేరు. ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిలూ, ఎస్‌ఏఈ 50 ఇంజన్ ఆయిలూ వేడి మీద ఇంచుమించు ఒకే చిక్కదనం.

తప్పు ఆయిల్ పడిందని తేలితే వేడి మీద దించి, సరైనది పోసి, వందో రెండొందలో కిలోమీటర్లు తిప్పి ఇంకోసారి మార్చండి. దాంతోనూ కర్రుమంటే రింగులు అరిగాయి. గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కి వస్తుంటే మాత్రం ఏ ఆయిలూ బాగు చేయదు.

గేర్‌బాక్స్ అయినా హౌసింగ్ అయినా, ముందు పోసే ప్లగ్ విప్పగలిగాకే దించే ప్లగ్ ముట్టుకోండి. ఉన్న ఆయిల్ దించేసి, పైప్లగ్ రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. ఈ బోల్టులు అంగుళాల సైజువి. దగ్గరగా ఉందని మిల్లీమీటర్ పానా పెడితే మూలలు గుండ్రమవుతాయి. జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరవద్దు. స్టాండ్లు పెట్టండి, ఇటుకలు కాదు. లెవెల్ చూసేటప్పుడు బండి నాలుగు వైపులా సమానంగా ఉండాలి. ముందు మాత్రమే ఎత్తి చూస్తే లెక్క తప్పుతుంది.

హౌసింగ్ ఆయిల్ మార్చాక వెనక ఒక చక్రం బ్రేకు పట్టేస్తోంది, లేదా పట్టడం లేదు

డ్రమ్ము విప్పి తడి ఏమిటో తేల్చండి. ఒక బొట్టు నీళ్ళలో వేయండి. కలిసిపోతే బ్రేక్ ఆయిల్, అంటే వీల్ సిలిండర్ పోయింది. తేలి, గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్. అది రావడానికి సీలు కన్నా ముందు చూడాల్సినవి రెండు. లెవెల్ ప్లగ్ రంధ్రం కింది అంచు దాటి పోశారా? హౌసింగ్ మీది బ్రీదర్ మట్టితో మూసుకుపోయిందా? మూసుకుపోతే వేడికి లోపలి గాలి పెరిగి, ఆయిల్‌ని చక్రాల వైపు నెడుతుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా సీలు మార్చితే కొత్త సీలు కూడా కారుతుంది. ఆయిల్ పీల్చిన బ్రేక్ షూలను పెట్రోల్‌తో కడిగి వాడవద్దు. రెండు వైపులా మార్చేయండి.

హౌసింగ్ ఏడుపు గురించి ఒక్క మాట. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రమే, లేదా వదిలినప్పుడు మాత్రమే వస్తే క్రౌన్ పినియన్ సెట్టింగు. ఎప్పుడూ గుర్రుమంటుంటే బేరింగు. చిక్కటి ఆయిల్ పోసి శబ్దం దాచేయడం అమ్మేవాళ్ళు చేసే పని.

దించిన ఆయిల్‌లో లోహం

ట్రేలోకి దించి, చిన్న అయస్కాంతం తిప్పండి. బూడిద రంగు పేస్టులాంటి నుసి అంటితే మామూలు అరుగుదలే. వేళ్ళ మధ్య గుచ్చుకునే పెచ్చులు వస్తే పళ్ళు లేదా బేరింగు విరుగుతోంది, బండి నడపవద్దు. అయస్కాంతానికి అంటని పసుపు రంగు తళుకు గేర్‌బాక్స్ ఆయిల్లో ఉంటే సింక్రో రింగులు, రాగి రంగు ఇంజన్ ఆయిల్లో ఉంటే బేరింగ్ షెల్స్ అరిగి లోపలి పొర బయటపడింది.

చూడటం అయ్యాక ఆ ఆయిల్‌ని డ్రైనేజీలో పోయకండి, చెదలకని దూలాలకూ గుంజలకూ పూయకండి. వాడిన ఇంజన్ ఆయిల్ చర్మానికి హానికరం, అందుకే గ్లవ్స్ వేసుకునే దించాలి. మూత గట్టిగా పడే డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ రీసైక్లింగ్‌కి అనుమతి ఉన్నవాళ్ళకి పంపే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.