కుళాయి కనెక్షన్ దగ్గర నీరు కారుతోందా? స్పానర్ పట్టే ముందు ఇది చూడండి

లీకు కనపడగానే ఎవరికైనా ముందు తోచేది ఇంకాస్త బిగించేద్దామనే. ఒక్కోసారి అది పనిచేస్తుంది. కానీ చాలాసార్లు జాయింట్లో చుట్టిన పాత టేపు తెగి కారడం ఎక్కువవుతుంది, లేదా గోడలోని ప్లాస్టిక్ ఎల్బో (కుళాయిని బిగించే వంపు జాయింటు) పగులుతుంది. కాబట్టి నీరు ఎక్కడ పుడుతోందో ముందు తేల్చుకోవాలి.

నీరు జారి కింద ఎక్కడో చుక్కగా కనిపిస్తుంది. అందుకే జాయింట్లన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఒక్కోదానికి టిష్యూ కాగితం ముక్క చుట్టి కాసేపు ఆగండి. ముందుగా తడిసిన ముక్క దగ్గరే లోపం ఉన్నట్టు. కుళాయి మూసినప్పుడు ఒకసారి, తెరిచినప్పుడు ఒకసారి చూడండి.

గోడ దగ్గర, కుళాయి మొదట్లో కారుతుంటే

కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మరల (థ్రెడ్ల) మధ్య నీరు కారకుండా చుట్టే పల్చటి టెఫ్లాన్ టేపు పాడైపోయి ఉంటుంది, లేదా మొదట్లోనే తక్కువ చుట్టి ఉంటారు.

ఆ పైపుకు నీళ్లు ఆపే గేట్‌వాల్వ్ కట్టేసి, కుళాయి తెరిచి పైపులో మిగిలిన నీటిని వదిలేయండి. వేడినీళ్ల కుళాయి అయితే గీజరు స్విచ్ కూడా ఆపాలి. కుళాయిని ఎడమవైపు తిప్పి ఊడదీశాక, మరల్లో ఇరుక్కున్న పాత టేపును పీచు మిగలకుండా గీకేయండి. పాతదాని మీదే కొత్తది చుట్టడం వృథా.

మర చివర మీ వైపు ఉండేలా కుళాయిని పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున టేపును లాగి పట్టి చుట్టండి. ఇటువైపు చుడితేనే బిగించేటప్పుడు టేపు ఇంకా అతుక్కుంటుంది, అటువైపు చుడితే ఊడివస్తుంది. మొదటి మరను వదిలేస్తే టేపు ముక్కలు నీళ్లలోకి పోవు. అరంగుళం కుళాయికి మామూలు పల్చటి తెల్ల టేపు పది చుట్ల దాకా పడుతుంది. అయితే ఈ లెక్క కంటే చేతికి తెలిసేదే నమ్మకం: కుళాయిని మళ్లీ బిగించేటప్పుడు అది రెండు మూడు చుట్లు చేత్తో తిరిగి, ఆ తర్వాత గట్టిపడాలి. చివరిదాకా వదులుగానే తిరిగితే టేపు చాలలేదన్నమాట.

అసలు చిక్కు కుళాయి మూతిని నిటారుగా కిందికి తెచ్చేటప్పుడు వస్తుంది. కాస్త దాటిపోయిందని వెనక్కి తిప్పారా, టేపు నలిగి మళ్లీ కారుతుంది. దాటితే పూర్తిగా విప్పి, కొత్త టేపు ఒకటి రెండు చుట్లు ఎక్కువో తక్కువో చుట్టుకోవడమే. ఈ పని విసుగ్గానే ఉంటుంది, కానీ దగ్గరి దారి లేదు.

కనెక్షన్ పైపు నట్టు దగ్గర కారుతుంటే

సింక్ కింద యాంగిల్ వాల్వ్‌కు (గోడ దగ్గర నీళ్లు ఆపే చిన్న వాల్వ్) తగిలించే పైపు సంగతి వేరు. అక్కడ నీటిని ఆపేది నట్టు లోపలున్న రబ్బరు వాషరే, మరలు కావు. టేపు ఎన్ని చుట్లు చుట్టినా ప్రయోజనం ఉండదు. నట్టు విప్పి చూస్తే వాషర్ గట్టిపడిపోయో, ఒరిగిపోయో, అసలు లేకుండానో ఉంటుంది. కొత్తది వేసి, చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు తిప్పితే చాలు. అంతకు మించితే వాషర్ నలిగి కోసుకుపోతుంది. పైపే పగిలి ఉంటే మార్చేయండి, దానికి అతుకులు పనికిరావు.

తెరిచినప్పుడు మాత్రమే పిడి కింద నుంచి కారుతుంటే

ఇది కనెక్షన్ లోపం కాదు, పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీ, అంటే స్పిండిల్ దగ్గరిది. పాత రకం కుళాయిల్లో పిడి కింది నట్టును కొద్దిగా బిగిస్తే తగ్గుతుంది. తగ్గకపోతే స్పిండిల్ చుట్టూ నీటిని ఆపే లోపలి ప్యాకింగ్ మార్చాలి. మూసినా మూతి నుంచి చుక్కలు పడుతుంటే లోపలి వాషర్ గానీ, కొత్త రకం కుళాయిల్లో దాని బదులు ఉండే కార్ట్రిడ్జ్ గానీ అరిగినట్టు.

టేపు మార్చినా గోడ తడుస్తుంటే

గేట్‌వాల్వ్‌ను మెల్లగా తెరిచి, టిష్యూ మళ్లీ చుట్టి చూడండి. మర చుట్టూ పొడిగా ఉండి, గోడ మాత్రం చెమ్మ పడుతుంటే లోపలి ఎల్బో పగిలి ఉండొచ్చు, లేదా దాని మరలు చెడిపోయి ఉండొచ్చు. కుళాయి బిగిస్తుంటే ఎంతకీ గట్టిపడకుండా తిరుగుతూనే ఉండటం కూడా దీనికి గుర్తే. ఇక టేపు జోలికి పోకుండా గేట్‌వాల్వ్ కట్టేసి ప్లంబర్‌ను పిలవండి. గోడ కొట్టి ఎల్బో మార్చాల్సి వస్తుంది, అది మొదటిసారి చేసేవాళ్ల పని కాదు.