రాత్రి అతిగా తినడాన్ని ఉదయమే ఆపడం ఎలా?

రాత్రి పదకొండు. ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ వెలుతురులోనే నిలబడి తింటున్నారు. ఒక్క బిస్కెట్‌తో మొదలైంది, ప్యాకెట్ అడుగున పొడి మిగిలింది. రుచి తెలియడం ఎప్పుడో ఆగిపోయినా చెయ్యి ఆగలేదు. ఆపైన కడుపు బరువు, సిగ్గు, ‘రేపు పొద్దున ఏమీ తినను’ అని ఒట్టు.

చిక్కంతా ఆ ఒట్టులోనే ఉంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1945లో శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం 36 మంది యువకులకు ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టింది. ఆరోగ్యవంతులని పరీక్షించి ఎంచుకున్నవారే అయినా వారికి పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుంది. ఆంక్షలు ఎత్తేశాక కొందరు కడుపు నిండినా తృప్తి లేక తింటూనే పోయారు. నోరు కట్టేసుకున్న శరీరం బదులు తీర్చుకుంటుంది. దాన్ని మనం ‘నిగ్రహం లేకపోవడం’ అంటాం.

మొదట వేళ కుదర్చండి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. ఎడం నాలుగు గంటలు దాటకూడదు. అతిగా తినే అలవాటున్నవారికి ఆకలి కబురు సరిగా అందదు కాబట్టి కొన్ని వారాలు గడియారాన్నే నమ్మండి. రాత్రి అదుపు తప్పినా ఉదయం అల్పాహారం మానకండి. అన్నిటికంటే కష్టమైనది ఇదే. బరువు తగ్గాలన్న ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రెండూ ఒకేసారి సాగవు. మధుమేహానికి మందులు వాడేవారు వేళలు మార్చేముందు డాక్టరును అడగాలి.

తిన్న వెంటనే ఒక నోటు పుస్తకంలో రాయండి. కేలరీలు వద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి, ముందు ఏమైంది, అంతే. ‘సాయంత్రం 6:10. నిలబడి, డబ్బాలోంచే. ఆఫీసులో మాట పడ్డాను. మధ్యాహ్నం తినలేదు.’ ఇలాంటివి పది పోగయ్యేసరికి మీ కథ మీకే కనిపిస్తుంది.

కోరిక పుట్టినప్పుడు దాంతో కుస్తీ పట్టకండి. అది అలలా లేస్తుంది, కాసేపటికి విరుగుతుంది. ఇరవై నిమిషాలు వాయిదా వేసి స్నానం చేయండి, ఎవరికైనా ఫోను చేయండి. అప్పటికీ తినాలనిపిస్తే పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తినండి.

నిషేధాలు ఎత్తేయండి, ఒక్కొక్కటిగా. వేళలు కుదిరాకే సుమా! భయపడే పదార్థాల్లో ఒకదాన్ని, అలసట లేని రోజున, భోజనంతో పాటు కొద్దిగా తినండి. ‘చెడ్డ తిండి’ అన్న ముద్ర ఉన్నంతకాలం ఒక్క ముక్క తిన్నా ‘ఎలాగూ చెడింది’ అనిపించి మొత్తం ఖాళీ అవుతుంది.

అదుపు తప్పి తినడం మూడు నెలలుగా వారానికి ఒకసారైనా జరుగుతుంటే అది జబ్బు కావచ్చు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ‘బింజ్ ఈటింగ్ డిజార్డర్’ను విడిగా గుర్తించింది. ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే చికిత్స బాగా పనిచేస్తుంది. తిన్నది కక్కుకోవడం, విరేచనాల మందులు వాడడం ఉంటే ఆలస్యం చేయకండి: పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. డాక్టరుకు నోటితో చెప్పలేకపోతే ఆ నోటు పుస్తకాన్నే ముందు పెట్టండి.