వీధిలో విరాళం అడగడం – 3వ పాఠం: నెలనెలా ఇమ్మని అడిగేటప్పుడు

పోయిన రెండు పాఠాల్లో ఎక్కడ నిలబడాల, ఎట్లా పలకరించాల అనేది చూసినాం. కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క ముక్క చెప్తా. కర్నూల్లో రాజ్‌విహార్ సెంటర్ సాయంత్రం ఎండ తగ్గినాక బాగుంటాది, పెద్దాసుపత్రి గేటు కాడ మాత్రం నిలబడొద్దు, ఆడికొచ్చేవాళ్ళు ఎవరి కష్టంలో వాళ్ళుంటారు, వాళ్ళని ఆపి డబ్బు అడగడం తప్పు.

సరే, మనిషి ఆగినాడు, మీరు చెప్పేది విన్నాడు, ఇప్పుడు అడగాల. చాలామంది "రోజుకి ఒక టీ డబ్బులే అన్నా" అని మొదలుపెడతారు. అట్లా వద్దు, నెలకి 500 అయితే 500 అనే చెప్పండి. మూడు విషయాలు మీ నోటితోనే రావాల: ఎంత, అది ప్రతినెలా ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుందని, వద్దనుకుంటే ఎట్లా ఆపుకోవచ్చో. మూడోది చెప్తే జనం వెనక్కి పోతారని భయపడతారు గానీ, నన్నడిగితే అది విన్నాకే చాలామందికి ధైర్యం వస్తాది. చెప్పేసి ఊరుకోండి, ఆయన ఆలోచించుకునే టైంలో మీరు మాట్లాడొద్దు.

బట్టల షాపులో పనిచేసే అన్న ఒకాయన ఆగినాడనుకోండి.

"నెలనెలా నావల్ల కాదప్పా, ఇప్పుడొక 200 ఇస్తా తీస్కో."

"మేం చేతికి డబ్బు తీసుకోం అన్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి, సంస్థ పేరు వస్తేనే పంపండి."

అంతే, ఇంక లాగొద్దు. స్కాన్ చేసినాక ఫోన్లో ఏం పేరు పడిందో ఆయన్నే చదవమనండి. మీ సొంత నంబరుకి ఒక్క రూపాయి కూడా వేయించుకోవద్దు, ఎంత తొందరలో ఉన్నా సరే.

"నీకెంత వస్తాదిరా దీంట్లో?" అని అడిగేవాళ్ళుంటారు. జీతమైతే జీతమని, ఏజెన్సీ ద్వారా చేస్తుంటే ఏజెన్సీ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ ప్రశ్న అడిగేవాళ్ళే నాకు నచ్చుతారు, బాగా విచారించి ఇచ్చినోళ్ళు మధ్యలో అంత తొందరగా మానుకోరు. "ఇంట్లో అడిగి చెప్తా" అంటే కాగితం చేతిలో పెట్టి పంపేయండి. మొహమాటానికి సంతకం పెట్టించుకుంటే ఇంటికి పోయి క్యాన్సిల్ చేస్తాడు, పైగా సంస్థ పేరు కూడా పాడవుతుంది.

ఇంక ఫారం. బ్యాంక్ మాండేట్ అంటే నెలనెలా ఖాతాలోంచి కట్ చేసుకోమని ఇచ్చే అనుమతి, అది కాగితం మీద అయితే నిదానంగా నింపండి. పేరు పాస్‌బుక్‌లో ఎట్లుంటే అట్లే రాయాల, ఇంటిపేరు ముందుందా వెనకుందా, ఇనిషియలా పూర్తి పేరా చూసి రాయండి. ఐఎఫ్ఎస్‌సి, అంటే బ్యాంకు బ్రాంచి కోడ్, 11 అక్షరాలుంటాది, మొదటి నాలుగు బ్యాంకుది, ఐదోది ఎప్పుడూ సున్నానే, దాన్ని ఇంగ్లీషు ఓ అక్షరంలాగా రాస్తే మాండేట్ తిరిగొస్తుంది. సంతకం బ్యాంకులో ఉన్నట్టే ఉండాల. అమౌంట్ దగ్గర ఫిక్స్‌డ్, మ్యాగ్జిమం అని రెండు గళ్ళుంటాయి చూడండి, మ్యాగ్జిమం టిక్ పెడితే ఆ మొత్తం వరకు ఎంతైనా కట్ అవ్వొచ్చు, కాబట్టి ఏది టిక్ పెడుతున్నారో ఆయనకి చూపించి పెట్టండి. యూపీఐ ఆటోపే, అంటే ఫోన్లోనే నెలనెలా కట్ అయ్యేట్టు పెట్టుకునేది అయితే పిన్ ఆయనే కొట్టుకోవాల, ఓటీపీ వస్తే అదీ ఆయనే కొట్టుకోవాల, మీరు అడగొద్దు, ఫోన్ చేతిలోకి కూడా తీసుకోవద్దు.

ట్యాక్స్ సంగతి చాలామంది అడుగుతారు. 80జి అని అందరూ అనే, విరాళం మీద వచ్చే ఇన్‌కంట్యాక్స్ మినహాయింపు పాత పద్ధతిలో ట్యాక్స్ కట్టేవాళ్ళకే, కొత్త పద్ధతిలో ఉన్నోళ్ళకి రాదు. సంస్థకి ఆ రిజిస్ట్రేషన్ కూడా ఉండాల. 2,000 దాటి నగదుగా ఇస్తే అది లెక్కలోకి రాదు. అందుకని అందరికీ "ట్యాక్స్ తగ్గుతుంది సార్" అనొద్దు, ముందు ఆయన ఏ పద్ధతిలో ఉన్నాడో కనుక్కోండి, తెలీదంటే ఆయన ఆడిటర్‌ని అడగమనండి.

పద్దెనిమిది నిండనోళ్ళు, తాగినోళ్ళు, చెప్పేది అర్థంకాక ఊరికే తలూపే పెద్దోళ్ళు, వీళ్ళ దగ్గర ఫారం బయటికే తీయొద్దు.

తర్వాతి పాఠం లోపల ఒక పని చేయండి. ఇంట్లో అమ్మకో అక్కకో ఆ మూడు విషయాలు చెప్పి, ఒక గంట పోయినాక ఎంత కట్ అవుతాది, ఎప్పుడు కట్ అవుతాది, ఎట్లా ఆపాల అని అడగండి. మూడింట్లో ఏదైనా చెప్పలేకపోతే మీ మాటే మార్చుకోండి, మళ్ళీ వేరేవాళ్ళకి చెప్పి చూడండి. 4వ పాఠంలో "వద్దప్పా" అన్నోళ్ళని ఎట్లా సాగనంపాలో చూద్దాం.