పాత యూరప్ దేవతల ప్రింటు చేతికొస్తే ముందు ఎక్కడ చూడాలి

18వ శతాబ్దపు ఎన్‌గ్రేవింగ్ (రాగి రేకు మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన బొమ్మ) ఒకటి, వీనస్సో హెర్క్యులిసో ఉన్నది, ఎదురైతే అందరూ ముందు బొమ్మే చూస్తారు. బొమ్మ ఎక్కడికీ పోదు, ముందు దాని కింద ఉన్న సన్నటి అక్షరాలు చదవండి.

అవి లాటిన్ మాటలు. ఎడమ మూల పేరు పక్కన ‘పింక్సిట్’ అని ఉంటే ఆయన రంగుల్లో వేసినవాడు, కుడి మూల ‘స్కల్ప్సిట్’ ఉంటే దాన్ని చూసి రాగి రేకు మీద చెక్కినవాడు. ‘డెలినియావిట్’ కూడా కనిపిస్తే మధ్యలో ఇంకొకడున్నాడన్నమాట, గోడంత పటాన్ని చిన్న డ్రాయింగ్‌గా దించి ఇచ్చినవాడు. ‘ఎక్స్‌కుడిట్’ అంటే అచ్చేసి అమ్మినవాడు. ఇంగ్లండ్ ప్రింటైతే చాలాసార్లు తేదీ కూడా దొరుకుతుంది, ఎందుకంటే చిత్రకారుడు హోగార్త్ లాంటివాళ్ళు పోరి తెచ్చుకున్న 1735 చట్టం ప్రచురించిన తేదీ రేకు మీద ఉండాలంది.

ఇప్పుడు బొమ్మ. నెమలి కనబడితే మనకి కుమారస్వామి గుర్తొస్తాడు, ఇక్కడ మాత్రం జూనో. గద్ద ఉంటే జూపిటర్, తల మీద నెలవంక ఉంటే డయానా. ఫ్రెంచ్ చిత్రకారుడు ఫ్రాంస్వా లెమ్వాన్ 1724లో వేసిన హెర్క్యులిస్, ఓంఫాలె రాణిల పటాన్ని లోరాన్ కార్ చెక్కాడు, అందులో అంత వీరుడూ దారం వడుకుతుంటాడు, ఆయన సింహం తోలేమో ఆవిడ దగ్గరుంటుంది. ఇలాంటి ప్రింటు దొరికితే అసలు పటం ఫోటో పక్కన పెట్టుకుని చూడండి. రేకు మీద ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది కాబట్టి, అద్దంలో చూసి చెక్కే ఓపిక లేనివాళ్ళ ప్రింట్లలో దేవుళ్ళందరూ ఎడమచేతివాటం వాళ్ళైపోతారు.

అసలు మజా భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. రంగు లేదు, ఉన్నది గీతే, దాంతోనే చర్మం, పట్టు, ఆకాశం వేరువేరుగా కనిపించాలి. ఆకాశానికి సమాంతర గీతలు, బట్టకి మడత వెంట వంగి లావెక్కే గీతలు, ఒంటికి అడ్డంగా దాటుకునే గీతలు, వాటి మధ్య గళ్ళలో ఒక్కో చుక్క. 1764లో లండన్ చేరిన ఇటలీ చెక్కుడు కళాకారుడు బార్తలోజ్జీ ప్రింట్లలో చాలావాటికి గీతలకంటే చుక్కలే ఎక్కువ, వాటిని ఎర్రటి గోధుమరంగు సిరాతో కూడా అచ్చేశారు. జనం ఎగబడి కొన్నారు గానీ నాకు మాత్రం ఆ చుక్కల దేవతలు మరీ తియ్యగా అనిపిస్తారు.

అయితే చుక్కలన్నీ వరసల్లో, లెక్కపెట్టి పేర్చినట్టు ఉంటే అనుమానించండి, అది ఫోటో నుంచి తీసిన కొత్త అచ్చు కావచ్చు. బొమ్మ చుట్టూ రేకు నొక్కుకున్న గాడి వేలికి తగలాలి. నల్లటి చోట్లు బూడిదరంగుకి తిరిగి, గీతలు పలచగా ఉంటే రేకు అరిగాక తీసిన కాపీ. రాగి మెత్తన కదా.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు షాపులోనే నిలబడండి, సైజు కుదరలేదని ఆ కింద అక్షరాల అంచే ముందు కత్తిరిస్తారు.